చూడాల్సిన చోటు: ఒకేలా కనిపించే సిక్లిడ్‌లను వేరుచేయడం ఎలా

ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సు అడుగున ఖాళీ నత్తగుల్లల్లో కాపురం చేసే, సిక్లిడ్ అనే చేపల కుటుంబానికి చెందిన చిన్న చేపలు రెండున్నాయి. ఒకటి నియోలాంప్రోలాగస్ మల్టీఫాసియేటస్, రెండోది నియోలాంప్రోలాగస్ సిమిలిస్. రెండూ నాలుగైదు సెంటీమీటర్లకు మించి పెరగవు. రెండింటి ఒంటి మీదా సన్నటి నిలువు పట్టీలుంటాయి, అలికిడి కాగానే రెండూ ఒకే తీరుగా గుల్లలోకి దూరిపోతాయి. మొదటిదానికి 1906లోనే శాస్త్రీయ నామం వచ్చింది. రెండోది వేరే జాతి అని తేలి పేరు పెట్టేసరికి 1992 అయింది. అప్పుడు పెట్టిన పేరే 'సిమిలిస్'. లాటిన్‌లో ఆ మాటకు 'పోలి ఉన్నది' అని అర్థం.

తొట్టి ముందు కూర్చుని ఈ రెండింటినీ ఎంతసేపు చూసినా మొదట ఏమీ తోచదు. ఒళ్లంతా వెతుకుతాం, పట్టీలు లెక్కపెడతాం, రంగు ముదురో లేతో అని తర్కించుకుంటాం. తేడా ఉన్నది తల దగ్గర. మల్టీఫాసియేటస్ పట్టీలు మొప్ప మూత వెనకే ఆగిపోతాయి, తల ఖాళీగా ఉంటుంది. సిమిలిస్ పట్టీలు మెడ దాటి కంటి వెనక వరకూ వస్తాయి. ఈ సంగతి ఒకసారి తెలిశాక రెండు చేపలూ మళ్లీ ఒకేలా కనిపించవు. సిక్లిడ్‌లను గుర్తుపట్టడంలో కష్టమంతా ఇంతే: ఒళ్లంతా చూస్తే దొరకని జవాబు ఒక చిన్న చోట ఉంటుంది, ఆ చోటు ఒక్కో జంటకు ఒక్కోటి.

ఒక చేప సిక్లిడ్ అవునో కాదో చెప్పడం సులువు. చాలా చేపలకు ముక్కుకు ఒక్కో పక్క రెండేసి రంధ్రాలుంటాయి, సిక్లిడ్‌లకు ఒక్కొక్కటే. ఒంటి పక్కన పొలుసుల మీదుగా సాగే పార్శ్వ రేఖ వీటిలో సాధారణంగా మధ్యలో తెగి, కొంచెం కిందికి దిగి మళ్లీ మొదలవుతుంది. కుటుంబం వరకూ ఇబ్బంది లేదు, జాతి దగ్గరకు వచ్చాకే చిక్కుముడి. ఒక్క మలావి సరస్సులోనే 500 నుంచి 1,000 వరకూ సిక్లిడ్ జాతులున్నాయని అంచనా. వాటి పూర్తి జన్యుక్రమాలను పోల్చి 2018లో వెలువడిన ఒక పరిశోధన, జాతికీ జాతికీ మధ్య సగటు తేడా 0.1 నుంచి 0.25 శాతమేనని చెప్పింది. ఇంత దగ్గరి చుట్టాల మధ్య హద్దు ఎక్కడుందో కంటితో పట్టుకోవాలి.

ఆ హద్దును చాలావరకు నిలబెడుతున్నది ఆడచేపల ఎంపిక. విక్టోరియా సరస్సులో పుండమీలియా పుండమీలియా, పుండమీలియా నైరేరేయి అనే రెండు జాతులున్నాయి. ఒకదాని మగచేప నీలం, రెండోదాని మగచేప ఎరుపు. ఆడచేపలు రెండింటిలోనూ వెలిసిన రంగులో ఉంటాయి. ఓలే సీహాసెన్, యాక్ వాన్ ఆల్ఫెన్ అనే శాస్త్రవేత్తలు వీటిని ప్రయోగశాలలో తెల్లని వెలుతురులో ఉంచి చూస్తే ప్రతి ఆడచేపా తన జాతి మగదాన్నే ఎంచుకుంది. రంగులు తెలియనివ్వని ఒకే వర్ణపు వెలుతురులో ఉంచితే ఆ ఎంపిక చెదిరిపోయింది. సరస్సులో మురికి పెరిగి నీళ్లు మసకబారిన చోట్ల ఇలాంటి జాతులు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయని సీహాసెన్ బృందం 1997లోనే రాసింది. గాజు తొట్టిలో నీళ్లు తేటగానే ఉంటాయి, కాని ఎంచుకోవడానికి తన జాతి మగది ఉండకపోవచ్చు. అప్పుడు ఆడచేప ఉన్నవాటిలో ఒకదానితో జతకడుతుంది. పిల్లలు పుడతాయి, పెరుగుతాయి, వాటికీ పిల్లలు పుడతాయి. అందుకే పేరు తప్పుగా రాసుకోవడం ఇక్కడ చిన్న పొరపాటు కాదని నా అభిప్రాయం. తప్పు పేరుతో ఒకే తొట్టిలో చేరిన రెండు జాతులు మూడు తరాల్లో రెండూ కాకుండా పోతాయి.

చేపలకు అంత ముఖ్యమైన రంగు మనకు మాత్రం అంతగా సాయపడదు. ఒక తొట్టిలో పెత్తనం చేసే మగచేప ఒక్కటే నిండు రంగులో ఉంటుంది. దానికి లొంగిన మగవి ఆడచేపల్లా పాలిపోయి తిరుగుతాయి. భయపడితే ఒక రంగు, గుడ్లు కాచేటప్పుడు ఒక రంగు, దీపం ఆర్పగానే మరో రంగు. ఒకే జాతి సరస్సులోని ఒక తీరాన పసుపుగా, ఇంకో తీరాన తెల్లగా ఉంటుంది. వీటికి తోడు పిల్లచేపలు త్వరగా రంగు తేలాలని హార్మోన్లు కలిపిన మేత పెట్టే అమ్మకందారులు కొందరున్నారు. అలాంటి చేప కొన్ని వారాల్లో వెలిసిపోతుంది, కొన్న మనిషి మాత్రం మొదటి రోజు చూసిన రంగునే గుర్తుంచుకుని పేరు పెడతాడు.

ముందుకు వెళ్లేముందు ఒక మాట. మనం చేప ఒంటి మీద గీతలన్నిటినీ చారలనే అంటాం. గుర్తుపట్టే పనిలో అది గందరగోళానికి దారి తీస్తుంది. ఈ వ్యాసంలో పైనుంచి కిందికి దిగేది పట్టీ, తల నుంచి తోక వైపు సాగేది చార. పాఠ్యపుస్తకాలు వాజం అనేదాన్ని వాడుకలో ఉన్నట్టు రెక్క అనే రాస్తున్నాను.

ఇప్పుడు ఎక్కువమంది పొరబడే జంట. ఎల్లో ల్యాబ్ అని అందరూ పిలిచే లాబిడోక్రోమిస్ సెరూలియస్, రెడ్ జీబ్రా అని పిలిచే మేలాండియా ఎస్తెరే. రెండూ మలావి సరస్సువే. మొదటిదానికి 1956లో పేరు పెట్టినప్పుడు 'నీలం' అనే అర్థంతో పెట్టారు, ఎందుకంటే అప్పుడు చూసిన చేపలు నీలి ఛాయ ఉన్న తెల్లవి. ఈరోజు ప్రపంచమంతా పెంచుతున్న పసుపు చేపలు అదే జాతిలో ఒక చిన్న ప్రాంతానికి చెందినవి. రెడ్ జీబ్రా సంగతి మరోలా ఉంటుంది. సరస్సులో దాని ఆడచేప నారింజ, మగచేప ఎక్కువగా లేత నీలం. పెంపకంలో మగవి కూడా నారింజగా ఉండే వరసలే ఎక్కువ చలామణీలో ఉన్నాయి. మూడు సెంటీమీటర్ల పిల్లలప్పుడు రెండు జాతులూ లేత పసుపు ముద్దల్లా ఉంటాయి.

చేపల పెంపకం మొదలుపెట్టిన కొత్తలో నేను ఎల్లో ల్యాబ్ అని తెచ్చుకున్న ఆరు పిల్లల్లో రెండు అవి కావు. ఏడాది తర్వాత గాని నాకది తెలియలేదు. అప్పటికే ఒక విడత పిల్లలను స్నేహితుడికి ఎల్లో ల్యాబ్ పేరుతోనే ఇచ్చేశాను. అతని దగ్గర పెరిగిన చేపలు పాలిపోయిన నారింజ రంగులో, రెక్కల అంచున నలుపు లేకుండా తయారయ్యాయి. ఆ తర్వాతే నేను రంగును పక్కనపెట్టి ముఖం చూడడం నేర్చుకున్నాను. ల్యాబ్ మూతి చిన్నది, కొంచెం సూదిగా ముందుకు వస్తుంది. 'లాబిడో' అంటే గ్రీకులో పటకారు. రాతి సందుల్లోంచి పురుగులను ఏరుకు తినడానికి తగ్గట్టు దాని ముందు పళ్లు ఎడంగా, ముందుకు వంగి ఉంటాయి. జీబ్రా నుదురు గుండ్రంగా దిగుతుంది, నోరు వెడల్పు, మూతి మొద్దు. రాతికి పట్టిన నాచును గీకి తినే ముఖం అది. రెక్కల విషయానికి వస్తే, పెరిగిన ల్యాబ్ వీపు రెక్క పొడుగునా నల్లటి చార సాగుతుంది, పొట్ట రెక్కలు కూడా నల్లబడతాయి. జీబ్రాకు ఆ నల్లచార ఉండదు, మగదాని కింది రెక్క మీద గుడ్లను పోలిన గుండ్రటి పసుపు చుక్కలు స్పష్టంగా కనిపిస్తాయి. ముఖం ఒకదానిలా, రెక్క రెండోదానిలా ఉంటే అది సంకరమని అనుమానించాలి.

మలావి చేపల్లో పళ్లకు అంత విలువ ఉంది. మేలాండియా జీబ్రా, సైనోటిలాపియా ప్రజాతి (దగ్గరి జాతులను కలిపి చెప్పే గుంపు) చేపలు నీలి ఒంటి మీద నల్ల పట్టీలతో ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. సైనోటిలాపియా అనే పేరులో 'కుక్క' అనే గ్రీకు మాట ఉంది. దాని బయటి వరస పళ్లు ఒకే మొనతో కోరల్లా, ఎడంగా ఉంటాయి. జీబ్రా బయటి వరస పళ్లు రెండు మొనలుగా చీలి, దగ్గరదగ్గరగా ఉంటాయి. తొట్టి బయటినుంచి ఇది చూడలేమనుకోవద్దు. మేత వేసినప్పుడు చేప గాజుకు దగ్గరగా వచ్చి నోరు తెరుస్తుంది. ఆ క్షణంలో తీసిన ఫొటోను పెద్దది చేసి చూస్తే చాలాసార్లు తేలిపోతుంది. జీబ్రాల ప్రజాతి పేరు ఒకచోట మేలాండియా అనీ మరోచోట మెట్రియాక్లిమా అనీ కనబడితే కంగారు పడక్కర్లేదు. 1984లో పెట్టిన మొదటి పేరు నిబంధనల ప్రకారం చెల్లదని కొందరు 1997 నాటి రెండో పేరు వాడతారు. చేప మాత్రం ఒక్కటే.

పీకాక్ అని పిలిచే ఔలనోకారా చేపల దగ్గర మాత్రం నేను నిజాయతీగా ఒప్పుకోవాలి. మగవాటిని చెప్పగలం, ఆడవాటిని చెప్పలేం. ప్రజాతి వరకూ సందేహం ఉండదు: కింది దవడ, చెంపల మీద వేణువు రంధ్రాల్లా పెద్ద గుంటలుంటాయి. ఇసుక కింద కదిలే పురుగుల అలికిడిని వాటితో పసిగడుతుంది. జాతికి వచ్చేసరికి ఆడచేపలన్నీ బూడిద గోధుమ ఒంటి మీద మసక పట్టీలతో ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి. నాలుగు జాతుల ఆడచేపలను ఒకే తొట్టిలో కలిపాక ఎంత అనుభవజ్ఞుడైనా విడదీస్తానని చెబితే నేను నమ్మను. అక్కడ పనికొచ్చేది కన్ను కాదు, చేప ఎక్కడినుంచి వచ్చిందో రాసిపెట్టిన చీటీ ఒక్కటే. పీకాక్‌లను ఒక్కో జాతికి ఒక్కో తొట్టి చొప్పున పెంచాలని నేను పట్టుబట్టేది అందుకే.

కొన్ని జంటల్లో మాత్రం మగవాటితో పాటు ఆడవాటినీ పిల్లలనూ చూస్తే చాలు. చిందోంగో డెమసోని, చిందోంగో సాలోసి మగచేపలు రెండూ నీలం మీద నలుపు పట్టీలతో ఉంటాయి. డెమసోని ఆడచేపలు, పిల్లలు కూడా అదే నీలం పట్టీల్లో ఉంటాయి. సాలోసి ఆడచేపలు, పిల్లలు నిండు పసుపు. గుంపును చూస్తే క్షణంలో తెలిసేదాన్ని ఒంటరి చేపను చూసి గంటసేపు ఊహిస్తాం.

మళ్లీ టాంగన్యీకాకు వస్తాను, ఎందుకంటే నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ అక్కడే ఉంది. నియోలాంప్రోలాగస్ బ్రిచార్డి, నియోలాంప్రోలాగస్ పుల్చర్. లేత గోధుమ రంగు ఒళ్లు, నీలి తెలుపు అంచులతో పొడవాటి రెక్కలు, వీణతీగల్లా సాగిన తోక. పెద్దపిల్లలు తమ తర్వాత పుట్టిన తోబుట్టువులను కాపలా కాసే అరుదైన చేపలివి. తేడా అంతా మొప్ప మూత మీద వేలిగోరంత చోటులో ఉంది. బ్రిచార్డికి కంటి నుంచి వెనక్కి సాగిన నల్ల గీత మొప్ప మూత మీద మరో గుర్తుతో కలిసి పక్కకు పడుకోబెట్టిన ఇంగ్లిషు 'టి' అక్షరంలా కనిపిస్తుంది. పుల్చర్‌కు అక్కడ నెలవంకల్లా వంగిన రెండు నిలువు గీతలుంటాయి. పెంపకందారులు దశాబ్దాలుగా ఈ గుర్తుతోనే వేరుచేస్తున్నారు.

అయితే 2007లో వీటి జన్యువులను తీరం వెంబడి పోల్చి చూసినప్పుడు కథ మలుపు తిరిగింది. ముఖం మీది ఈ గీతలు సరస్సులోని వేర్వేరు చోట్ల విడివిడిగా ఏర్పడ్డాయని, ఒకే గుర్తు ఉన్నంత మాత్రాన దగ్గరి బంధువులు కావని తేలింది. రెండూ ఒకే జాతి అనే శాస్త్రవేత్తలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. అంటే ముఖం చూసి పేరు చెప్పగలం గాని ఆ పేరు వెనక రెండు జాతులున్నాయని ఖాయంగా చెప్పలేం. మరి ఆ గీతలకు అర్థమే లేదా? ఉంది. పుల్చర్ చేపలు తమ ఇరుగుపొరుగును ముఖం మీది ఈ గుర్తులతోనే పోల్చుకుంటాయని 2015లో జపాన్ పరిశోధకులు చూపించారు. తెలిసిన ముఖాన్ని తెలియని ఒంటికి అతికించిన బొమ్మను చూపితే అది పరిచయస్తుడి లాగే పలకరించింది, తెలియని ముఖం కనిపిస్తే జాగ్రత్త పడింది. మనం భూతద్దంతో వెతికే చోటునే అవి కూడా చూస్తున్నాయి. పేరు విషయంలో శాస్త్రం తేల్చేవరకూ టి గుర్తువాటినీ నెలవంకలవాటినీ కలపకుండా ఉంచడమే మేలని నేననుకుంటాను. ఒకే జాతిలోని రెండు తీరాలవాళ్లయినా వాటి తేడా వాటిదే.

ఫ్రంటోసా దగ్గర పొలుసులు లెక్కపెట్టాలి. నుదుటి మీద మూపురంతో, వెడల్పాటి నల్ల పట్టీలతో ఉండే ఈ చేప అంతా ఒకే జాతి అని చాలాకాలం అనుకున్నారు. 2003లో సరస్సు దక్షిణ భాగంలోని వాటిని సైఫోటిలాపియా గిబెరోసా అని వేరుచేశారు. గుర్తు ఇది: తెగిన పార్శ్వ రేఖ పై ముక్కకూ కింది ముక్కకూ మధ్య ఫ్రంటోసాలో రెండు వరసల పొలుసులుంటాయి, గిబెరోసాలో మూడు. పెద్ద చేప, పెద్ద పొలుసులు, నిదానమైన స్వభావం కాబట్టి పక్కనుంచి తీసిన మంచి ఫొటో మీద వేలు పెట్టి లెక్కపెట్టవచ్చు. పట్టీల సంఖ్యతో తేల్చేస్తామనేవాళ్లు ఆ వరసలు కూడా చూస్తే బాగుంటుంది.

అమెరికా ఖండాల సిక్లిడ్‌లలో అందరికీ తెలిసింది ఏంజెల్ ఫిష్. దుకాణాల్లో కనిపించేవి దాదాపు అన్నీ టెరోఫిలమ్ స్కలేర్, తరతరాలుగా తొట్టెల్లో పుట్టినవి. ఒరినోకో ప్రాంతపు ఆల్టమ్ ఇంకా ఎత్తైనది, రెక్క చివర నుంచి చివరకు 30 సెంటీమీటర్లు దాటుతుంది. ఎత్తు వయసుతో మారుతుంది కనుక ముక్కు పైభాగం చూడాలి: ఆల్టమ్‌లో కంటి ముందు నుదురు లోపలికి నొక్కినట్టు స్పష్టమైన పల్లం ఉంటుంది. మూడోదైన లియోపోల్డిలో ఆ పల్లం ఉండదు, నుదురు తిన్నగా దిగుతుంది, వీపు రెక్క మొదట్లో నల్లటి మచ్చ ఉంటుంది. 'పెరూ ఆల్టమ్' అనే పేరుతో అమ్మేది స్కలేరే.

రెడ్ డెవిల్, మైడాస్ అనే నికరాగువా చేపలను వేరుచేయడం నేను దాదాపు మానేశాను. రెడ్ డెవిల్ శాస్త్రీయ నామమైన ఆంఫిలోఫస్ లాబియేటస్‌లోనే పెదవులున్నాయి. సరస్సులో దాని పెదవులు దళసరిగా, మూతి సూదిగా, ఒళ్లు సన్నంగా ఉంటుంది. మైడాస్, అంటే సిట్రినెల్లస్, ఎత్తుగా, మొద్దుగా ఉంటుంది. కాని తొట్టిలో గుళికల మేత మీద పెరిగిన లాబియేటస్ పెదవులు తగ్గిపోతాయి. రాళ్ల సందుల్లో మూతి దూర్చే పని లేనప్పుడు ఆ పెదవుల అవసరమూ తగ్గుతుంది. దానికి తోడు చలామణీలో ఉన్నవాటిలో చాలా భాగం ఈ రెండింటి సంకరాలే. వీటికి పేరు రాయమంటే ప్రజాతి పేరు రాసి ఆగిపోవడమే సరైన పని.

గ్రీన్ టెర్రర్ విషయంలో పొలుసు పొలుసునా జవాబుంది. ఆండినోఅకారా రివులేటస్ పక్కల మీది పొలుసుకు మధ్య ముదురు, అంచు లేత. 2009లో వేరే జాతిగా పేరు పెట్టిన పెరూ తీరపు స్టాల్స్‌బెర్గిలో అది తిరగబడుతుంది: మధ్యలో మెరిసే లేత చుక్క, చుట్టూ ముదురు. తోక అంచు నారింజా తెలుపా అని చూసేవాళ్లు ఎక్కువ, నేను మాత్రం ఒక్క పొలుసు చూస్తాను.

సెవెరమ్‌లలో చేప చేసే పనే గుర్తు. హీరోస్ ఎఫాసియేటస్ గుడ్లను రాతి మీదో చెక్క మీదో పెట్టి బయటే కాపు కాస్తుంది, మనం పెంచేది ఎక్కువగా ఇదే. అసలైన హీరోస్ సెవెరస్ పిల్లలను నోట్లోకి తీసుకుంటుంది. ఏళ్లుగా సెవెరస్ అని పిలుచుకున్న చేప గుడ్లు పొదిగిన రోజున వేరేదని తేలడం చాలామందికి ఎదురయ్యే అనుభవం. చిన్నవైన ఆపిస్టోగ్రామాల్లో తోక చూడండి: అగాసిజీ మగదాని తోక ఈటె మొనలా ఒకే కొనతో ముగుస్తుంది, కకాటువాయిడెస్‌ది రెండు కొనలుగా చీలుతుంది.

ఫ్లవర్‌హార్న్, బ్లడ్ ప్యారట్, మచ్చల పీకాక్‌ల వంటివి మనుషులు కలిపి తయారుచేసిన చేపలు. వాటికి జాతి వెతకడం వృథా ప్రయాస.

ఇంతకీ పని మొదలుపెట్టేది ఎలా? చేప పక్కవాటుగా, రెక్కలు విప్పి ఉన్నప్పుడు, నదురు బెదురు లేకుండా ఉన్నప్పుడు ఫొటో తీయాలి. అదే చేపను వేర్వేరు రోజుల్లో మరికొన్నిసార్లు తీయాలి. ప్రతి ఫొటోలోనూ నిలిచి ఉన్న గుర్తే గుర్తు, వచ్చిపోయేది దాని మనఃస్థితి. తర్వాత ముఖం, నోరు, మొప్ప మూత, వీపు రెక్క, తోక మొదలు, ఈ చోట్లు ఒక్కొక్కటిగా చూడాలి. అమ్మిన మనిషిని జాతి పేరుకన్నా ముందు ఊరు అడగాలి: ఏ సరస్సు, ఏ తీరం, ఏ నది. చీటీ మీద పేరు తర్వాత 'ఎస్‌పి' అని ఉంటే ఇంకా శాస్త్రీయ నామం పెట్టని జాతి అని అర్థం. 'సి.ఎఫ్.' అంటే ఆ జాతితో పోల్చి చూడమని, బహుశా అదే కావచ్చని. 'ఎ.ఎఫ్.ఎఫ్.' అంటే దానికి దగ్గరిదే గాని అది కాదని. ఈ చిన్న అక్షరాలను తెలియనితనంగా చూసి కొట్టేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ చీటీ మీద అన్నిటికన్నా నమ్మదగిన సమాచారం అదే.

పైన చెప్పిన సాలోసి సరస్సంతటా ఉండే చేప కాదు. చిజుములు దీవి దగ్గర తైవాన్ రీఫ్ అనే ఒక్క రాతి దిబ్బే దాని ఇల్లు. అక్వేరియంల కోసం పట్టి పట్టి అక్కడ దాని సంఖ్య పడిపోయింది, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా నమోదు చేసింది. ప్రపంచంలోని ఎన్నో తొట్టెల్లో మాత్రం దాని పసుపు ఆడచేపలు గుంపులుగా తిరుగుతున్నాయి. వాటిలో ఒకటి నా దగ్గర నోటినిండా పిల్లలతో రాతి కింద దాక్కుని ఉంది. మరో రెండు వారాల్లో వాటిని వేరే తొట్టిలోకి మారుస్తాను. దాని గాజుకు అంటించాల్సిన చీటీ ఇప్పుడే రాసి పెట్టుకున్నాను: చిందోంగో సాలోసి, తైవాన్ రీఫ్, తల్లిదండ్రులు మూడో నంబరు తొట్టి.